పరిచర్యలో పరిజ్ఞానము, విచక్షణ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఒక గ్రామములో గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు నడుపుట సామాన్యకార్యము కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటినుండి ఈ ఉద్యమమును నడిపిన పెద్దల విశ్వాసమును ఒక్కమాటలో చెప్పవచ్చును: జ్ఞానము కొందరి సొత్తుగా నిలిచిపోరాదు, అది ఊరి చివరి యింటివరకు చేరవలెను. అట్టి విశ్వాసముతో పెరిగిన ఈ సంస్థవారు రోగి పరిచర్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరినందులకు కృతజ్ఞుడను.

పరిచర్య అనగానే మన మనస్సున మెదలునవి దయ, ఓర్పు, సేవాభావము. ఇవి ఉండవలసినవే. కాని ‘‘నర్సమ్మకు మంచి మనసుండిన చాలును, తెలివి డాక్టరుగారికి ఉన్నది కదా’’ అను తలంపు లోకములో గట్టిగా పాతుకొనియున్నది. ఈ తలంపు హాని లేనిది కాదు. దీనివలన తెలివిగల ఆడపిల్లను ఆ చదువునకు పంపుటకు తల్లిదండ్రులు సంకోచింతురు. దీనివలన ఆసుపత్రిలో నర్సు చెప్పిన మాటకు తగిన విలువ దొరకదు. ఆ మాట వినబడనిచోట కొన్ని సమయములలో రోగి ప్రాణమే పోవును. కావున పరిచర్య యనునది ఒక జ్ఞానమనియు, అందులో అనుక్షణము నిర్ణయము చేయవలసిన విచక్షణ యున్నదనియు మీకు తెలియజేయుటయే నా ఉద్దేశము.

ఇది నూతనముగా పుట్టిన వాదమని తలపవలదు. మన చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు చెప్పుచు, పరిచారకునకు ఉపచారజ్ఞత, దాక్ష్యము, అనురాగము, శౌచము అనువానిని చెప్పినారు. ఈ వరుసను గమనింపుడు. అనురాగము మూడవది, ఉపచారము చేయు విధానమును ఎరిగియుండుట మొదటిది. ప్రేమను తక్కువ చేయుటకు గాదు అట్లు చెప్పినది. తెలియని ప్రేమ రోగి నోట అన్నము కుక్కును. తెలిసిన ప్రేమ, మ్రింగగల శక్తి అతనికున్నదో లేదో ముందు చూచును.

పాశ్చాత్యదేశములలో ఈ వృత్తికి నూతన రూపమిచ్చిన ఫ్లారెన్స్ నైటింగేల్ చరిత్ర మీరు చదివియే యుందురు. 1854లో క్రిమియా యుద్ధకాలమున స్కుటారీ సైనిక వైద్యశాలలో ఆమె దీపము పట్టుకొని రాత్రులు రోగులమధ్య తిరిగినదని అందరకును తెలియును. ఆ దీపమును మనము కరుణకు గుర్తుగా భావింతుము. కాని దీపము పట్టుకొనునది చూచుటకే కదా! ఆమె సూక్ష్మముగా చూచినది, లెక్కించినది, వ్రాసిపెట్టినది. గాయములకంటె రోగములే సైనికులను ఎక్కువగా చంపుచున్నవని అంకెలతోను పటములతోను ప్రభుత్వమునకు నిరూపించినది. 1858లో లండను గణాంక సంఘమునకు సభ్యురాలుగా ఎన్నికైన మొదటి స్త్రీ ఆమెయే. 1859లో ఆమె పరిచర్యను గూర్చి ప్రచురించిన చిన్న గ్రంథములో రోగిని పరిశీలించుటకు ఒక ప్రత్యేక ప్రకరణమే కలదు. మరుసటి సంవత్సరము, అనగా 1860లో, లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలలో ఆమె పేర నర్సుల పాఠశాల వెలసినది.

మన దేశములో 1946లో ఢిల్లీయందును వెల్లూరునందును నర్సింగులో పట్టభద్ర విద్య ఆరంభమైనది. 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. దానికి మారుగా 2023లో జాతీయ నర్సింగు, మంత్రసాని వృత్తుల కమిషను చట్టమును పార్లమెంటు ఆమోదించినది. నేడు ఈ విద్యలో పట్టము పొందుటకు నాలుగు సంవత్సరములు చదువవలెను. శరీరనిర్మాణము, శరీరధర్మము, సూక్ష్మజీవశాస్త్రము, ఔషధశాస్త్రము, మనస్తత్వశాస్త్రము మున్నగునవన్నియు అందులో చేరియున్నవి. ఇంత చదువు పక్కగుడ్డలు మార్చుటకు మాత్రమే అయిన, ఇన్ని సంవత్సరములు దేనికి? నిజమునకు పక్కగుడ్డలు మార్చుటలోనే ఆ చదువంతయు పనిచేయును. అది ఎట్లో కొన్ని దృష్టాంతములతో విన్నవింతును.

మొదటిది పడకపుండు. పక్షవాతము వచ్చిన ముసలివానిని ఒక్క పక్కనే పండబెట్టినచో నడుము దిగువ ఎముకమీదను, తుంటిమీదను, మడమలమీదను బరువు పడి, ఆ చోట రక్తము ఆడదు. తెలిసిన నర్సు దుప్పటి మార్చుచు ఆ చోటులను చూచును. చర్మము ఎర్రబడినచోట వ్రేలితో నొక్కి వదలును. నొక్కినప్పుడు తెల్లబడి మరల ఎర్రబడినచో రక్తప్రసారము ఇంకను సాగుచున్నది. నొక్కినను తెల్లబడక ఎర్రగానే యున్నచో లోపల మాంసము చెడుట ఆరంభమైనది. మన నల్లని చర్మములలో ఎరుపు సులభముగా కనబడదు. కావున ఆమె చేతితో తాకి, చుట్టుపక్కలకంటె వెచ్చగా నున్నదా, గట్టిపడినదా, మెత్తబడినదా యని పోల్చి చూచును. సాధారణముగా రెండు గంటలకొకసారి పక్క మార్చుట వాడుక. కాని బక్కచిక్కిన రోగికి అంతకంటె ముందే మార్చవలసి రావచ్చును. ఎంతకాలమున కొకసారి అనునదే నిర్ణయము. నియమము పుస్తకములో ఉన్నది. ఆ రోగి పుస్తకములో లేడు.

రెండవది శ్వాస. జ్వరము, నాడి, రక్తపోటు, శ్వాస అను నాలుగింటిలో మిక్కిలి నిర్లక్ష్యమునకు గురియగునది శ్వాసయే. దానికి యంత్రము అక్కరలేదు. గడియారము, ఓర్పు చాలును. అందువలననే కాబోలు, లెక్కింపకయే వాడుకగా ఒక అంకె వేయు అలవాటు కొన్నిచోట్ల కలదు. విశ్రాంతిగానున్న పెద్దవారు నిమిషమునకు 12 మొదలు 20 పర్యాయములు ఊపిరి తీయుదురు. నిన్న 16 ఉన్నది నేడు 22, సాయంకాలమునకు 26 అయినచో, మిగిలిన అంకెలు సరిగానే యున్నను శరీరమున ఏదియో ఉపద్రవము పెరుగుచున్నదని అర్థము. 2012లో బ్రిటను రాజవైద్య కళాశాలవారు రోగి క్షీణతను ముందుగా గుర్తించుటకు ఒక మార్కుల పద్ధతిని ఏర్పరచి, 2017లో సవరించినారు. అందులో నిమిషమునకు 25 లేక అంతకు మించిన శ్వాసకు అత్యధికముగా 3 మార్కులు వేయుదురు. రోగికి ఎన్ని మార్కులు ఎక్కువ వచ్చిన అంత అపాయమన్నమాట.

ఈ విషయమున తల్లులు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. దగ్గు, జలుబుతోనున్న పసిబిడ్డ నెమ్మదిగా నున్నప్పుడు పూర్తిగా ఒక నిమిషము పొట్ట కదలికను లెక్కింపవలెను. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలలనుండి సంవత్సరములోపు 50, సంవత్సరమునుండి అయిదేండ్లలోపు 40, ఈ సంఖ్యలు గాని అంతకుమించి గాని యున్నచో అది వేగశ్వాస. డొక్క క్రిందిభాగము లోపలికి పోవుచున్నచో మరింత అపాయము. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఏడ్చుచున్న బిడ్డను లెక్కించి ప్రయోజనము లేదు. ఇంత చిన్న పనిలో కూడ ఎప్పుడు లెక్కింపవలెనో తెలియుట విచక్షణయే.

మూడవది ప్రసూతి గది. కాన్పైన పిమ్మట ఆరోగ్యవంతురాలైన యువతికి రక్తస్రావము అధికమైనను చాలసేపటివరకు రక్తపోటు పడిపోదు. రక్తనాళములు బిగిసి ఆ పోటును నిలబెట్టును. నాడి మాత్రము ముందుగా వేగమగును. రక్తపోటు పడిపోవునప్పటికి చాల రక్తము పోయియుండును. రక్తపోటు అంకె చూచి ‘‘బాగుగనే యున్నది’’ అని వెడలిపోవు మనిషికిని, నాడి వేగమగుట, పెదవులు పాలిపోవుట, బాలింత మాటిమాటికి దాహమడుగుట గమనించి పొట్టమీద చేయివేసి గర్భాశయము బంతివలె గట్టిగానున్నదా, మెత్తబడినదా యని చూచు మనిషికిని నడుమనున్న భేదమే ఒక తల్లి ప్రాణము. కంటి అంచనా తరచు తక్కువగానే యుండును. కావున కొలతగీతలుగల సంచిలో రక్తమును పట్టి కొలిచి, వెంటనే చేయవలసిన చికిత్సలన్నిటిని ఒక్కమారుగా ఆరంభించు విధానమును కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశములలో పరీక్షించినారు. తీవ్ర రక్తస్రావము మొదలైన అనర్థములు 60 శాతము తగ్గినవని 2023లో ప్రకటించినారు. అందు వాడిన మందులు ఏవియు కొత్తవి కావు. సకాలమున గుర్తించుటయే కొత్త.

నాలుగవది మందు ఇచ్చుట. సరియైన రోగికి, సరియైన మందు, సరియైన మోతాదులో, సరియైన మార్గమున, సరియైన వేళకు ఇయ్యవలెనని అయిదు సూత్రములు మొదటి సంవత్సరముననే నేర్పుదురు. కాని సూత్రముతోనే పని ముగియదు. గుండెజబ్బునకు ఇచ్చు డిగాక్సిన్ అను మందు కలదు. అది గుండె వేగమును తగ్గించును. చీటీలో ఉదయము ఎనిమిది గంటలకు ఇమ్మని వ్రాసియున్నది. నర్సు మాత్ర చేతబట్టి, ముందుగా గుండె చప్పుడును పూర్తిగా ఒక నిమిషము లెక్కించును. పెద్దవారిలో 60కి తక్కువగా నున్నచో మాత్రను ఆపి డాక్టరునకు తెలుపును. ఇచ్చట ఆమె చేసిన పని ఏమి? మందు ఇయ్యకుండుట. ఇది ఏ లెక్కపుస్తకములోను గొప్పగా కనబడదు. కాని ఆజ్ఞను అక్షరము తప్పక పాటించుట ఒకటి, ఆజ్ఞ ఉద్దేశమును కాపాడుట వేరొకటి.

అయిదవది వృద్ధుల సంగతి. మధుమేహమునకు మందు వాడుచున్న వృద్ధుడు ఉన్నట్టుండి తికమకగా మాటలాడినచో ‘‘ముసలితనము, చాదస్తము’’ అని ఇంటివారు త్రోసివేయుదురు. నర్సు మాత్రము నుదుట చెమట, చేతుల వణుకు చూచి, రక్తమున చక్కెర పరీక్షించును. 70 మిల్లీగ్రాములకు తగ్గినచో, తెలివితో మ్రింగగలిగియున్నయెడల 15 గ్రాముల చక్కెర, అనగా సుమారు మూడు చెంచాలు, నీటిలో కలిపి త్రాగించి పదునైదు నిమిషములకు మరల పరీక్షించును. స్పృహ తప్పిన వానికి నోట ఏమియు పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవును. చక్కెర సరిగానున్నను తికమక వదలనిచో, మరొక కారణమును వెదకును. వృద్ధులలో మూత్రాశయమునకు గాని ఊపిరితిత్తులకు గాని తెగులు సోకినప్పుడు జ్వరము రాకయే మతిభ్రమ మాత్రము రావచ్చును. నిన్నటివరకు మనుమల పేర్లు వరుసగా చెప్పినవాడు నేడు తప్పుచున్నాడనుట రోగలక్షణము, చాదస్తము కాదు.

ఈ అయిదు దృష్టాంతములలోను ఒకే క్రమము కనబడుచున్నది. అమెరికా దేశపు నర్సింగు విద్యావేత్త క్రిస్టీన్ టానర్ 2006లో దీనిని నాలుగు మెట్లుగా వివరించినది: గమనించుట, దాని అర్థమును గ్రహించుట, తగిన పని చేయుట, చేసిన దాని ఫలితమును తిరిగి ఆలోచించుట. అంతకు పూర్వమే, 1984లో, పాట్రీషియా బెన్నర్ అను విదుషి నర్సు ఎదుగుదలలో అయిదు దశలను నిరూపించినది. క్రొత్తగా చేరినవారు నియమములను పట్టుకొని నడచుదురు. అది వారికి అవసరము. అనుభవము ముదిరినకొలది రోగి స్థితిని విడివిడి అంకెలుగా గాక ఒక్క చూపున గ్రహింతురు. పొలము గట్టుమీద నిలబడి పైరు రంగు చూచి నీరు చాలదని చెప్పు రైతునకు ఈ మాట వివరింపనక్కరలేదు. ఆయన చూపు మంత్రము కాదు. ఎన్నో కారులు ఆ మడిని చూచిన ఫలితము.

అయితే ‘‘నా మనసునకు తోచినది’’ అనుట జ్ఞానమగునా యని మీరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. 2015లో నెదర్లాండ్సు దేశపు పరిశోధకులు, రోగిని గూర్చి నర్సుకు కలుగు కలవరమునకు ఆధారములేవో పరిశీలించి పలు సూచనలను క్రోడీకరించినారు. శ్వాసలో మార్పు, రక్తప్రసారములో మార్పు, వణుకు, తెలివిలో మార్పు, అలజడి, నొప్పి, ఎదురుచూచినట్లు కోలుకొనకపోవుట, రోగి తనకు బాగులేదని తానే చెప్పుట, నర్సు కంటబడిన ఇతర మార్పులు మున్నగునవి అవి. కావున ఆ కలవరము గాలినుండి పుట్టినది కాదు. మాటకు ముందే కన్ను చూచినది. ఆ చూచినదానిని మాటగా మార్చుటయే శిక్షణ.

మరియొక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. తోచుట మాత్రమే చాలదు, కొలువవలెను. కొలుచుట మాత్రమే చాలదు; ఆలోచింపవలెను. 2020లో కరోనా వచ్చిన పిమ్మట వ్రేలికి తొడుగు ఆక్సిజను పరికరము పల్లెలకును పరిచితమైనది. అది 98 చూపినంత మాత్రమున అంతయు క్షేమమని కాదు. రక్తహీనత తీవ్రముగానున్న మనిషిలో ఉన్న కొద్దిరక్తము ఆక్సిజనుతో నిండియుండుటచే అంకె బాగుగనే కనబడును. శరీరమునకు చేరునది మాత్రము చాలదు. చేతులు చల్లబడినను, గోళ్ళకు రంగు వేసినను అంకె తప్పవచ్చును. చర్మము నల్లనైన వారిలో ఉన్నదానికంటె ఎక్కువ చూపవచ్చును. యంత్రము అంకె చెప్పును. మనిషి మనిషిని చూడవలెను.

ఇంతవరకు జ్ఞానమును గూర్చి చెప్పితిని. ఇక ఆ జ్ఞానము ఫలించుటకు రెండు వసతులు కావలెను. మొదటిది, చెప్పిన మాట వినబడుట. అర్ధరాత్రి డాక్టరును లేపుటకు క్రొత్త నర్సు జంకును. ‘‘రోగి ఎందుకో బాగులేడండి’’ అని మాత్రము చెప్పినచో, ‘‘ఉదయము చూతము’’ అను సమాధానము రావచ్చును. అందువలన క్రమముగా చెప్పు పద్ధతి యొకటి అమెరికా నౌకాదళపు జలాంతర్గాములనుండి ఆసుపత్రులకు వచ్చినది: ఇప్పటి పరిస్థితి ఏమి, వెనుకటి చరిత్ర ఏమి, నా అంచనా ఏమి, తమరు చేయవలసినదేమి. ‘‘కడుపు ఆపరేషను జరిగి రెండవ దినము. శ్వాస 16 నుండి 26కు, నాడి 84 నుండి 118కి పెరిగినవి. లోపల రక్తము పోవుచున్నదేమో యని నా అనుమానము. తమరు ఇప్పుడే వచ్చి చూడవలెను.’’ ఈ నాలుగు వాక్యములలో వినయము తగ్గలేదు, విషయము దాగలేదు. ఆ చివరి రెండు వాక్యములు పలుకుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యమును మందలించి అణచు ఆసుపత్రి, తన కన్నును తానే పొడుచుకొన్నట్లు.

రెండవ వసతి తీరిక. ఒక్క నర్సుకు నలువది మంది రోగులను అప్పగించి సూక్ష్మపరిశీలన చేయుమనుట న్యాయము కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 168 ఆసుపత్రులను లిండా ఐకెన్, ఆమె సహచరులు పరిశీలించి 2002లో ఫలితములు ప్రకటించినారు. శస్త్రచికిత్స వార్డులలో ఒక నర్సు బాధ్యతలో ఒక్క రోగి అదనముగా చేరినచో, ముప్పది దినములలోపల రోగి మరణించు సంభావ్యత 7 శాతము అధికముగానున్నదని వారు కనుగొనిరి. కావున నర్సుల సంఖ్య జీతముల పద్దులోని లెక్క మాత్రమే కాదు. రోగుల ప్రాణముల లెక్క.

ఈ విషయము మన గ్రామమునకు దూరమైనది కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన పథకము ననుసరించి ఉపకేంద్రములు ఆరోగ్యకేంద్రములుగా మార్పుచెందినవి. పలుచోట్ల నర్సింగు పట్టభద్రులే అచట కూర్చుండి రక్తపోటు, మధుమేహము పరీక్షించుచున్నారు. ఎవరిని అచటనే చూడవచ్చునో, ఎవరిని వెంటనే పెద్దాసుపత్రికి పంపవలెనో ప్రథమ నిర్ణయము చేయుచున్నారు. అట్టివారి యెదుట కూర్చుండి ‘‘సూది వేయమ్మా, సెలైను ఎక్కించమ్మా’’ అని పట్టుబట్టుట మనవారికి పరిపాటి. విరేచనములైనను నోట త్రాగగలిగిన వానికి ఉప్పు చక్కెరల పొట్లము ఒక లీటరు నీటిలో కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుట చాలునని ఆమె చెప్పినచో, అది పని తప్పించుకొనుట కాదు. అక్కరలేని సూదిని వేయకుండుట కూడ వైద్యజ్ఞానమే. చర్మమును చిటికెతో పట్టి వదలి, అది ఎంత నెమ్మదిగా సర్దుకొనుచున్నదో చూచి, కన్నులు లోతుకుపోయినవా యని చూచి, ఆ తరువాతనే ఆమె ఆ మాట చెప్పియుండును.

మనవంతు కర్తవ్యము కూడ కొంత కలదు. రోగి సహజస్థితి ఎట్టిదో ఇంటివారికి తెలిసినంతగా ఎవరికిని తెలియదు. ‘‘నాన్నగారు ఎప్పుడును ఇంత నిద్రపోరు’’, ‘‘బిడ్డ ఉదయమునుండి పాలు పట్టలేదు’’, ‘‘అమ్మ ఈ మాత్రతోపాటు నాటుమందు కూడ మ్రింగినది’’ అను మాటలు నర్సుకు చెప్పవలెను. సిగ్గుపడి దాచరాదు. నిన్నటికిని నేటికిని భేదము తెలిసిననే గదా నిర్ణయము సాధ్యమగును! ఆసుపత్రికి పోవునప్పుడు వాడుచున్న మందులన్నియు ఒక సంచిలో వేసి తీసికొనిపోవుట మంచి అలవాటు.

చివరిగా గ్రంథాలయ కార్యకర్తలకు ఒక విన్నపము. ఈ బీరువాలలో పురాణములకు, నవలలకు స్థానమున్నది, ఉండవలసినదే. వానిప్రక్కన రోగి పరిచర్య, ప్రథమచికిత్స, శిశుపోషణ గ్రంథములకొక అర కేటాయింపుడు. వేగశ్వాస అంకెలను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు తగిలింపుడు. ఉపకేంద్రములో పనిచేయు నర్సును నెలకొక సాయంకాలము ఇచటికి ఆహ్వానించి ఆమెచే మాట్లాడింపుడు. ఆమె చెప్పినది ఊరు విన్ననాడు, ఊరి ఆడపిల్లలలో ఒకరిద్దరు ఆ చదువును గౌరవముతో కోరుకొందురు.

దయ గలవారు మన పల్లెలలో ఎన్నడును తక్కువ కాలేదు. ఆ దయకు చూపు నిచ్చునది విద్య. మాట నిచ్చునది ధైర్యము. ఈ రెండింటిని పెంచు పనిలో ఈ గ్రంథాలయము తన వంతు చేయుచు స్వర్ణోత్సవమును కూడ ఇంతకంటె వైభవముగా జరుపుకొనవలెనని ఆకాంక్షించుచున్నాను.